పటికబెల్లంలో దారం ఎందుకుంది?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చి చెప్పింది. ఆ హక్కుల సంగతి, కరువు భత్యం సంగతి, వైద్య ఖర్చుల సంగతి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మాట్లాడతారు. కార్యదర్శిగారు నాకు అప్పజెప్పిన పని వేరు. "సంక్రాంతి సెలవులకు మనవళ్ళు, మనవరాళ్ళు వస్తారు కదమ్మా, వాళ్ళను సెల్‌ఫోను దగ్గర నుంచి ఒక గంటసేపైనా ఇవతలికి లాగే ఉపాయం ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరైనదాన్ని. నాకు తెలిసిన ఉపాయమే చెబుతాను. అది మిఠాయి. తినడానికి కాదు, ప్రయోగాలు చేయడానికి.

మిఠాయి అనేసరికి కొందరు నవ్వుతున్నారు. కానీ ఇది మన ఊళ్ళ విద్యే. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో గానుగ ఆడే రోజుల్లో బెల్లం ఉడికే వాసన ఎంత దూరం వచ్చేదో మీకు నేను చెప్పనక్కరలేదు. న్యూట్రిన్ మిఠాయిల కంపెనీ 1952లో పుట్టింది చిత్తూరులోనే. 2006లో దాన్ని గోద్రెజ్ సంస్థ కొన్నది. మహా లాక్టో నోట్లో వేసుకోకుండా పెరిగిన బిడ్డ మన ప్రాంతంలో అరుదు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇంగ్లీషువాళ్ళ "క్యాండీ" అనే మాటకు మూలం కూడా మన దేశమే. సంస్కృతంలో "ఖండ" అంటే ముక్క, చక్కెర గడ్డ. అది పారసీకంలో "కంద్" అయి, అరబ్బుల నోట నాని, యూరపుకు చేరి క్యాండీ అయింది. పటికబెల్లాన్ని మనం కలకండ అంటాం చూడండి, అందులో ఆ మాట ఇంకా అలాగే ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. "సంతృప్త ద్రావణం అనగానేమి?" అని తరగతిలో అడిగితే, పుస్తకంలోని నిర్వచనాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లలుండేవారు. "మరి పటికబెల్లం గడ్డ మధ్యలో నూలు దారం ఎందుకుంటుంది?" అంటే తెల్లమొహం వేసేవారు. రెండూ ఒకటే పాఠమని వాళ్ళకు తట్టేది కాదు. అది పిల్లల తప్పు కాదు. ఇంట్లో ఎందుకని అడిగితే "నోరు మూసుకుని తిను" అంటారు. బడిలో అడిగితే "సిలబసులో లేదు" అంటారు. ఏడెనిమిదేళ్ళ వయసులో రోజుకు వంద ప్రశ్నలు వేసే బిడ్డ, పదో తరగతికి వచ్చేసరికి ఒక్కటీ వేయడు. ఆ తర్వాత కోచింగుకు ఎన్ని వేలు కట్టినా, ఆ ప్రశ్న వేసే అలవాటు మాత్రం తిరిగి రాదు. దాన్ని కాపాడడానికి తల్లిదండ్రులకు తీరిక లేదు. ఆ తీరిక ఉన్నది మనకు.

నేను చెప్పబోయే ప్రయోగాలన్నింటికీ పద్ధతి ఒకటే. మొదట "ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి. బిడ్డ చెప్పింది కాగితం మీద రాయించండి. తర్వాత చేయించండి. చివర, కంటికి కనిపించినదే రాయించండి. ఊహ తప్పితే దాన్ని కొట్టివేయనివ్వకండి, అలాగే ఉండనివ్వండి. జవాబు మీకు తెలిసినా ముందుగా చెప్పకండి. మనకు ఇదే కష్టం. ముప్పై ఏళ్ళపాటు ఎదుటివాళ్ళకు చెప్పి బతికినవాళ్ళం కదా!

మొదటిది పటికబెల్లమే. ఒక గ్లాసు నీళ్ళకు మూడు గ్లాసుల చక్కెర. నీళ్ళు మరిగిస్తూ చక్కెర కొద్దికొద్దిగా వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. ఈ పని పెద్దవాళ్ళే చేయాలి. మామూలు వేడిలో 100 గ్రాముల నీళ్ళు సుమారు 200 గ్రాముల చక్కెరను కరిగించుకుంటాయి. మరిగేటప్పుడు దాదాపు 480 గ్రాములు కరిగించుకుంటాయి. అంటే చల్లారేకొద్దీ నీళ్ళు మోయగలిగిన దానికంటే అందులో చక్కెర ఎక్కువైపోతుంది. ఆ ఎక్కువైన చక్కెర పేరుకోవడానికి ఒక ఆధారం కావాలి. ఆ ఆధారమే దారం.

నూలు దారాన్ని తడిపి, చక్కెరలో పొర్లించి, బాగా ఆరనివ్వండి. పాకం గోరువెచ్చగా అయ్యాక గాజు సీసాలో పోసి, దారాన్ని ఒక పుల్లకు కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. పాకం వేడిగా ఉండగా దించితే దారానికి అంటిన చక్కెర పలుకులు కూడా కరిగిపోతాయి. సీసా మూతికి పలుచని గుడ్డ కట్టి, చీమలు పట్టకుండా నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి. దాన్ని కదిలించరాదు. మూడు నుంచి ఐదు రోజుల్లో పలుకులు కనిపిస్తాయి. వారం, పది రోజులకు దారం చుట్టూ గడ్డ కడుతుంది.

పోయిన వేసవి సెలవుల్లో బెంగుళూరు నుంచి మా మనవరాలు వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తాత, మనవరాలు ఒకే గదిలో కూర్చున్నా ఆయన పేపరు ఆయనది, దాని ఫోను దానిది. దానికి తెలుగు అరకొర. దాని ఇంగ్లీషు వేగం ఆయనకు అందదు. సీసాను కిటికీలో పెట్టిన రోజున మావారు ఊరుకోలేకపోయారు. ఆఫీసులో ఏళ్ళ తరబడి రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా! పాత నోటుపుస్తకం తీసి స్కేలుతో గడులు గీశారు. తేదీ, వేళ, కనిపించినది, కొలత, సంతకం. మనవరాలు సంతకం చేస్తే కింద తాత ధృవీకరించాలి.

మూడో రోజున కూడా దారం మీద కొత్తగా ఏమీ కనిపించలేదు. కొలత గడిలో సున్నా రాయడానికి దానికి మనసొప్పలేదు. "తాతా, కొంచెం వేసేద్దాం" అంది. "కనిపించనిది రాస్తే ఆడిట్లో పట్టుకుంటారమ్మా" అన్నారాయన. ఇద్దరూ భూతద్దం తెచ్చుకుని మళ్ళీ చూశారు. చివరికి సున్నానే రాశారు. ఐదో రోజున రెండు మిల్లీమీటర్లు వచ్చింది. నన్నడిగితే, ఆ సెలవుల్లో అది నేర్చుకున్న సైన్సు ఆ సున్నాలోనే ఉంది.

సెలవులై పిల్ల వెళ్ళిపోయింది, సీసా మా దగ్గరే ఉండిపోయింది. అంతకు ముందు ఫోను చేస్తే "హాయ్ తాతా, బై తాతా" అంతే. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడు గంటలకు ఫోను. "తాతా, ఈరోజు ఎంత?" పాకం, పలుకు, పేరుకోవడం, గడ్డకట్టడం అనే తెలుగు మాటలు దాని నోటికి అలా వచ్చాయి. మావారికి షుగరు మాత్ర నేను గుర్తు చేయాలి. ఏడు గంటల కొలత మాత్రం ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

ఇదే ప్రయోగాన్ని కొంచెం మార్చి చేయించండి. ఇంకొక సీసాలో చక్కెరకు బదులు బెల్లం వాడండి. పలుకులు సరిగా కట్టవు. మూడో సీసాకు చక్కెర పాకంలోనే అరచెక్క నిమ్మరసం పిండి కాసేపు మరిగించండి. అందులోనూ పలుకులు కట్టడం తగ్గుతుంది. పులుపు, వేడి కలిసి చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా విడగొడతాయి. ఒకే కొలత ఇటుకలతో గోడ కడుతుంటే మధ్యలో వేరే కొలత ఇటుకలు వచ్చి పడినట్లు, వరుస కుదరదు. బెల్లంలో ఈ వేరే ఇటుకలు మొదటి నుంచీ ఉంటాయి. గులాబ్‌జామున్ పాకం గడ్డకట్టకుండా మన ఇళ్ళలో నిమ్మరసం పిండేది ఇందుకే. మిఠాయి కంపెనీలు లిక్విడ్ గ్లూకోజు కలిపేదీ ఇందుకే. పటికబెల్లం పలుకులుగా ఉంటే, నిమ్మతొన బిళ్ళ గాజుముక్కలా ఎందుకుంటుందో ఇప్పుడు బిడ్డనే చెప్పమనండి.

రెండోది పొయ్యి దగ్గరి ప్రయోగం. మా జేజి సంక్రాంతికి బొరుగుల ఉండలు, చెనక్కాయ ఉండలు పట్టేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. థర్మామీటరు ఎలా ఉంటుందో తెలియదు. పక్కన గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని, ఒక చుక్క పాకం అందులో వేసి, వేలితో తీసి చూసి, "దించు" అనేది. ఎప్పుడూ గురి తప్పేది కాదు. చక్కెర పాకంతో లెక్క చెబుతాను, బెల్లానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. వేళ్ళ మధ్య సాగితే తీగపాకం, సుమారు 106 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మొదలవుతుంది. చన్నీళ్ళలో మెత్తగా ఉండ కడితే ఉండపాకం, 112 నుంచి 116 డిగ్రీలు. చన్నీళ్ళలో వేసిన చుక్క టక్కున విరిగితే ముదురుపాకం, 146 నుంచి 154 డిగ్రీలు.

నీళ్ళను ఎంతసేపు మరిగించినా 100 డిగ్రీలు దాటవు. పాకం ఎలా దాటుతుంది? నీరు ఆవిరై చక్కెర చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. ఉండపాకంలో చక్కెర సుమారు 85 శాతం, ముదురుపాకంలో 99 శాతం. అంటే జేజి వేలితో కొలిచింది పాకంలో ఎంత నీరు మిగిలిందనే లెక్క. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తిరుమల లడ్డులో కూడా బూందీని పట్టి ఉంచేది పాకమే. పొయ్యి దగ్గర గరిటె మన చేతిలో ఉండాలి. చన్నీళ్ళ గిన్నెలో చల్లారిన చుక్కను తీసి, విరుగుతుందా వంగుతుందా అని చూడడం పిల్లల వంతు.

మూడోది పులుపు పరీక్ష. రెండు గ్లాసుల్లో కొంచెం నీళ్ళు పోసి, ఒకదానిలో పుల్లటి బిళ్ళలు నాలుగు, రెండోదానిలో పిప్పరమెంటు బిళ్ళలు నాలుగు పొడి చేసి కరిగించండి. రెండింటిలోనూ చెంచాడు వంటసోడా వేయండి. పుల్లటి నీళ్ళు బుస్సున పొంగుతాయి, రెండోది ఊరుకుంటుంది. పులుపు బిళ్ళల్లో సాధారణంగా ఉండేది సిట్రిక్ ఆమ్లం, మన నిమ్మ ఉప్పు. అది సోడాతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. సోడా బుడ్డిలో గోళీని పైకి నెట్టిపెట్టేది కూడా ఆ వాయువే. ఇంకొకటి. పసుపు మరక పడిన గుడ్డకు సబ్బు రాస్తే ఎర్రగా మారడం చాకిరేవు నాటి నుంచీ తెలిసినదే. ఆ ఎర్రమరక మీద పుల్లటి బిళ్ళ కరిగించిన నీళ్ళు పోయండి. మళ్ళీ పసుపవుతుంది. సబ్బు క్షారం, బిళ్ళ ఆమ్లం. లిట్మస్ కాగితం కొనకుండానే పాఠం పూర్తయింది.

నాలుగోది రంగుల ఆట. చిన్నపిల్లలకు ఇదంటే మహా ఇష్టం. తెల్లటి పళ్ళెం అంచు వెంబడి జెమ్స్ బిళ్ళలను రంగు మార్చి రంగు పేర్చి, మధ్యలో మెల్లగా గోరువెచ్చని నీళ్ళు పోయండి. పై పూత కరిగి రంగులు గీతలుగా మధ్యకు పాకుతాయి. ఎదురెదురైనా కాసేపటిదాకా కలిసిపోవు. చక్కెర కరిగిన నీరు మామూలు నీటికంటే బరువు కనుక పళ్ళెం అడుగునే జారుతూ వస్తుంది. అన్నివైపుల నుంచీ అదే బరువు నీరు వచ్చి తగలడం వల్ల ఒకదానిలోకొకటి చొరబడవు.

కాస్త పెద్దపిల్లలైతే ఆకుపచ్చ బిళ్ళను ఒక చుక్క నీటిలో తిప్పి, ఆ రంగును పుల్లతో తెల్లని వడపోత కాగితం అంచుకు కొంచెం పైన నాలుగైదుసార్లు, ఆరనిస్తూ, చుక్క పెట్టాలి. చిటికెడు ఉప్పు వేసిన నీళ్ళలో కాగితం అంచు మాత్రమే మునిగేలా నిలబెట్టాలి. నీరు పైకి ఎక్కుతూ రంగును లాక్కుపోతుంది. ఆకుపచ్చ కాస్తా పసుపు, నీలంగా విడిపోవడం కనిపిస్తుంది. రష్యా శాస్త్రవేత్త మిఖాయిల్ స్వెట్ 1903లో ఆకుల్లోని రంగులను వేరుచేసి చూపిన పద్ధతికి ఇది తమ్ముడు. తర్వాత మిఠాయి కవరు మీది సన్నని అక్షరాలు చదివించండి. మన కళ్ళద్దాలకు అందకపోయినా వాళ్ళ కళ్ళకు అందుతాయి. 102 అంటే టార్ట్రజీన్ అనే పసుపు, 133 అంటే బ్రిలియంట్ బ్లూ అనే నీలం. కాగితం మీద కనిపించింది, కవరు మీద రాసింది ఒకటేనా అని సరిచూసే బిడ్డ రేపు ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టడు.

రంగుల మాటలోనే పీచుమిఠాయి సంగతి. దాని యంత్రాన్ని 1897లో అమెరికాలో కనిపెట్టిన ఇద్దరిలో ఒకాయన విలియం మారిసన్, పళ్ళ డాక్టరు! అది సరదా సంగతి. సరదా కానిది ఏమంటే, బట్టలకు వాడే రోడమిన్-బి అనే రంగు దొరికినందువల్ల 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో, ఆ వెంటనే మన పొరుగున తమిళనాడులో పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించారు. తిరునాళ్ళలో గులాబీ రంగు మిఠాయి కోసం బిడ్డ మారాం చేస్తే, వద్దనడానికి మనకు కారణం తెలిసి ఉండాలి.

ఐదోది అతి తేలిక. గది వేడిలో ఉన్న నీళ్ళు ఒక గుక్క తాగించండి. తర్వాత పిప్పరమెంటు చప్పరించాక అవే నీళ్ళు మళ్ళీ తాగించండి. ఐసు నీళ్ళలా జిల్లుమంటాయి. నీళ్ళు చల్లబడ్డాయా? థర్మామీటరు పెడితే మారలేదని చూపిస్తుంది. మన నోటిలో చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలను పిప్పరమెంటులోని మెంథాల్ తట్టి లేపుతుంది. అలాగే మన సీమ కారం నాలుకను నిజంగా కాల్చదు, వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది. ఈ సంగతి తేల్చిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శ రహస్యాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మెంథాల్‌తో చల్లదనపు రహస్యాన్ని ఇద్దరూ ఎవరికి వారే కనుగొన్నారు.

ఇక జాగ్రత్తలు. పాకం మరిగే నీళ్ళకంటే వేడి, పైగా చర్మానికి అంటుకుంటుంది. పొరపాటున పడితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పట్టండి. సిరా, పేస్టు, పసుపు పూయకండి. కాలు పెద్దదైతే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. నాలుగేళ్ళలోపు పిల్లల చేతికి గట్టి బిళ్ళలు, చెనక్కాయలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పటికబెల్లం వేరు, పటిక వేరు. డబ్బాలు పక్కపక్కన పెట్టకండి. బీరువాలోని నాఫ్తలీన్ ఉండలు పిల్లల కళ్ళకు పిప్పరమెంట్లలాగే కనిపిస్తాయి, వాటిని అందకుండా పెట్టండి. ప్రయోగానికి వాడినది నోట్లో పెట్టుకోరాదు. ఇది మొదటి రోజే చెప్పాలి.

"షుగరు ఉన్న ఇంట్లో ఈ మిఠాయి గోల ఎందుకు?" అని కొందరి అనుమానం. సబబైన అనుమానమే. తీసుకునే ఆహారపు శక్తిలో ఇలా కలుపుకునే చక్కెరలు పది శాతం లోపల, వీలైతే ఐదు శాతం లోపల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పెద్దలకైనా పిల్లలకైనా అదే లెక్క. ప్రయోగంలో పది బిళ్ళలు తెస్తే ఎనిమిది గ్లాసులోకి, పళ్ళెంలోకి పోతాయి. మిఠాయిని మింగే వస్తువుగా కాక చూసే వస్తువుగా అలవాటు చేసినట్లవుతుంది. మా ఇంట్లో ఆ పటికబెల్లాన్ని ఎవరూ తినలేదు, ఇప్పటికీ అలమారలో ఉంది.

ఖర్చు పెద్దగా ఉండదు. ఇంకా ఉత్సాహం ఉంటే తిరుపతిలో అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి పిల్లలను తీసుకువెళ్ళండి, అక్కడ చేత్తో తిప్పి చూసేవి చాలా ఉన్నాయి. మనవళ్ళు దగ్గర లేనివారు పక్కింటి పిల్లలను పిలవండి. పిల్లలకు వరుసలతో పనిలేదు.

కార్యదర్శిగారికి నాదొక మనవి. సంక్రాంతి వెళ్ళాక జరిగే సమావేశానికి ప్రయోగాలు చేసినవారు పిల్లలు రాసిన నోటుపుస్తకాలు తీసుకురావాలి. వాటిలో మంచివి మన పత్రికలో వేయాలి. సున్నాలు రాసినవి ముందు వేయాలి.